ఈజిప్టు దేవుళ్లతో టీనేజ్ ఫాంటసీ నవల: ఏ కథ ఎంచుకుంటే మంచిది?

ఈజిప్టు దేవుళ్లతో టీనేజ్ పిల్లల కోసం ఫాంటసీ నవల రాద్దామనుకునేవాళ్లు చాలావరకు మొదట పట్టుకునేది శవాలకు కట్లు కట్టే దేవుడు అనుబిస్‌ని. నక్క తల, నల్లటి ఒళ్లు, పక్కన త్రాసు. ముఖచిత్రం అప్పుడే కళ్లకు కట్టేస్తుంది. రెండు మూడు అధ్యాయాలు జోరుగా సాగుతాయి కూడా. ఆ తర్వాత ఏం జరగాలో తోచదు. ఇందులో రచయితను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అనుబిస్ రూపం ఎంత గొప్పదైనా, ఆయన ఏదో కోరుకుని, దానికోసం నానా పాట్లు పడే కథలు పాత ఈజిప్టు రాతల్లో చాలా తక్కువ. వేరేవాళ్ల కథలోకి వచ్చి, తన పని తాను చేసుకుని వెళ్లే దేవుడాయన.

అందుకే ముఖం చూసి కాకుండా తగువు చూసి దేవుణ్ణి ఎంచుకోమంటాను. ఆ దేవుడికో దేవతకో ఏం కావాలి? దానికోసం ఏ తప్పు చేయడానికైనా సిద్ధమేనా? ఆ గొడవలో ఒక పదహారేళ్ల అమ్మాయో అబ్బాయో దూరడానికి సందు ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే నవల నడుస్తుంది. ఈజిప్టు రాతల్లో అలాంటి కథలు ఎన్నో ఉన్నాయి. వాటిలో నాకు బాగా పనికొస్తాయనిపించినవి ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. ఏది ఎవరి చేతికి సరిపోతుందో కూడా చెబుతాను.

హోరస్, సేత్: ఎనభై ఏళ్లుగా తెగని కేసు

అందరికీ తెలిసిన కథ ఇది. సేత్ తన అన్న ఒసిరిస్‌ని చంపి సింహాసనం లాక్కుంటాడు. ఒసిరిస్ భార్య ఐసిస్ కొడుకు హోరస్‌ని దాచి పెంచుతుంది. వాడు పెద్దయి చిన్నాన్న మీద పగ తీర్చుకుంటాడు. ఇంతవరకే తీసుకుంటే ఇలాంటి పగ కథలు మనకు చాలా తెలుసు. అసలు రుచి వేరే చోట ఉంది. ఈజిప్టు రాజు ఐదో రామ్సెస్ కాలంలో, అంటే క్రీ.పూ. 12వ శతాబ్దంలో రాసిన ఒక పపైరస్ (జమ్ము కాగితపు చుట్ట) ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. అందులో ఈ కథంతా దేవతల కోర్టులో నడిచే వ్యాజ్యం. ఎనభై ఏళ్లయినా తీర్పు రాలేదు. పెద్ద న్యాయమూర్తి సూర్యదేవుడు రా. ఆయన మొగ్గు బలవంతుడైన సేత్ వైపే. హోరస్‌ని పట్టుకుని, నీ ఒంట్లో సత్తువ లేదు, ఈ పదవి నీకు ఎక్కువ, నోరు కంపు కొట్టే కుర్రాడివి అని నిండు సభలో అనేస్తాడు.

పదిహేనేళ్లప్పుడు పెద్దవాళ్ల మధ్య అలాంటి మాట పడినవాళ్లకు ఆ అవమానం ఎంత మండుతుందో తెలుసు. నవల అక్కడే మొదలుపెట్టవచ్చు.

ఆ తర్వాత ఐసిస్ తెలివి చూడండి. ఆమెను రానివ్వకూడదని కోర్టును ఒక దీవికి మారుస్తారు. ఏ ఆడమనిషినీ రేవు దాటించవద్దని పడవ నడిపే నెమ్తీకి గట్టిగా చెబుతారు. ఐసిస్ ముసలమ్మ వేషంలో పిండి గిన్నె పట్టుకుని వస్తుంది. రొట్టె ఇస్తానంటే నెమ్తీ ఒప్పుకోడు. వేలికున్న బంగారు ఉంగరం ఇస్తానంటే ఒప్పుకుంటాడు. దీవిలోకి అడుగుపెట్టి అందగత్తెగా మారి సేత్‌తో తన గోడు చెప్పుకుంటుంది. నా భర్త పశువుల కాపరి, ఆయన పోయాక ఎవడో పరాయివాడు వచ్చి నా కొడుకును తరిమి పశువుల్ని లాక్కుంటానంటున్నాడు అని. కొడుకు ఉండగా పరాయివాడికి ఎలా ఇస్తారు అని సేత్ తన నోటితోనే అనేస్తాడు. తనమీద తనే తీర్పు చెప్పుకున్నాడన్నమాట. లంచం తిన్న నెమ్తీకి పాదాల ముందు భాగం నరికేస్తారు. పెద్దల మోసాలకు శిక్ష పడేది చిన్న ఉద్యోగికే. నెమ్తీ కూతురిని కథానాయిక చేసి చూడండి, నవల మొత్తం కొత్తగా కనిపిస్తుంది.

ఈ కథతో ఇబ్బందులు రెండు. ఘట్టాలు మరీ ఎక్కువ. నీటిగుర్రాలుగా మారి మూడు నెలలు నీళ్లలో మునగడం, రాతి పడవల పందెం, కళ్లు పీకి పాతిపెడితే అవి తామరలై మొలవడం, అన్నీ ఊరించేవే. అన్నీ పెట్టబోతే మాత్రం నవల గొలుసుకట్టు సీరియల్ అయిపోతుంది. రెండోది, పిల్లల పుస్తకానికి సరిపడని లైంగిక ఘట్టం ఒకటి ఇందులో ఉంది. దాన్ని వదిలేసినా కథకు లోటు రాదు. ఇంకో ఘట్టాన్ని మాత్రం వదలవద్దు. ఐసిస్ ఈటె సేత్‌కి గుచ్చుకుంటుంది. నేను నీ తోబుట్టువుని కదా అని అతను బతిమాలితే ఆమె మనసు కరిగి వదిలేస్తుంది. ఆ కోపంలో హోరస్ కన్నతల్లి తల నరికేస్తాడు. పాత కాలం వాళ్లకు కూడా ఇది మింగుడుపడలేదు. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఈ కథ చెప్పినప్పుడు హోరస్ తల్లి కిరీటం మాత్రమే లాగేశాడని మెత్తబరిచాడు. మీరు మెత్తబరచకండి. తల్లి శత్రువును క్షమించినందుకు కొడుక్కి వచ్చిన ఆ కోపంలో తప్పొప్పులు తేల్చడం కష్టం, టీనేజ్ పాఠకులు దాని గురించే గంటలు గంటలు వాదించుకుంటారు.

సంభాషణలు బాగా రాసేవాళ్లకు, వాదోపవాదాలంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఈ కథ. పోరాట దృశ్యాల మీద ఆధారపడేవాళ్లకు వద్దు.

ఐసిస్, రా రహస్యనామం

ఇది చిన్నది, పదునైనది. రా ముసలివాడయ్యాడు. నడుస్తుంటే నోటివెంట చొంగ కారి నేలమీద పడుతోంది. ఐసిస్ ఆ చొంగను మట్టితో పిసికి పాముగా చేసి ఆయన నడిచే దారిలో పెడుతుంది. అది కాటేస్తుంది. ఒళ్లంతా మంటలెత్తి వణుకుతున్న రా దగ్గరికి ఐసిస్ వచ్చి, నీ అసలు పేరు చెప్పు, విషం దింపుతాను అంటుంది. పొద్దున ఖెప్రిని, మధ్యాహ్నం రాని, సాయంత్రం అతూమ్‌ని అంటాడాయన. వాటిలో నీ పేరు లేదు అంటుంది. చివరికి పేరు ఆయన గుండెలోంచి ఆమె గుండెలోకి వెళుతుంది. ఆ పేరేమిటో రాసిన లేఖకుడు ఎక్కడా చెప్పడు. ఈ కథ ఉన్న పపైరస్ ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. దీన్ని తేలు కుట్టినప్పుడు, పాము కరిచినప్పుడు చదివే మంత్రంగా వాడేవారు.

ఒక్క దెబ్బకు రెండు ప్రశ్నలు లేస్తాయి ఇందులో. వైద్యం చేయగలిగిన మనిషే విషం పెట్టడం న్యాయమేనా? కొడుకు బాగు కోసమే అంటే ఒప్పుకుంటామా? అయితే దీనితో 300 పేజీలు లాగలేరు. పెద్ద నవలకి ఇది గతంలో జరిగిన ఘటనగా, ఎవరూ బయటకు మాట్లాడని పాపంగా బాగుంటుంది. లేదంటే చిన్న నవలిక రాయండి, అది ఇంకా మంచిది.

అనుబిస్ కావాల్సిందే అంటే

సరే, అలాగే కానివ్వండి. కానీ అనుబిస్‌ని వదిలి ఆయన ముందున్న త్రాసును పట్టుకోండి. చనిపోయినవాడి గుండెను ఒక పళ్లెంలో, సత్యానికి గుర్తయిన మాత్ ఈకను ఇంకో పళ్లెంలో పెడతారు. 42 మంది సాక్షి దేవతల ముందు నేను ఫలానా పాపం చేయలేదు అని ఒక్కొక్కటీ చెప్పుకోవాలి. దేవతల లేఖకుడు థోత్ రాసుకుంటాడు. మొసలి తల, సింహం ముందుకాళ్లు, నీటిగుర్రం వెనక భాగం ఉన్న అమ్మిత్ పక్కనే కాచుకుని కూర్చుంటుంది. గుండె తేడాగా తూగితే దాన్ని మింగేస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అనీ పపైరస్‌లో ఈ బొమ్మ చూడవచ్చు.

నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా అనిపించేది గుండె మీద పెట్టే రాతి పేడపురుగు. దానిమీద చెక్కిన మంత్రం సొంత గుండెను బతిమాలుతుంది, త్రాసు ముందు నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పొద్దని. అబద్ధం చెప్పే నోటికి, నిజం చెప్పే గుండెకి మధ్య భయం. ఒక రహస్యం దాచుకున్న అమ్మాయి చుట్టూ ఈ భయాన్ని అల్లితే చాలు, పక్కన అనుబిస్ మౌనంగా నిలబడినా కథ నడుస్తుంది. ఆయన పుట్టుక మీద ప్లూటార్క్ చెప్పిన మాట కూడా పనికొస్తుంది. సేత్ భార్య నెఫ్తిస్‌కి, ఒసిరిస్‌కి పుట్టిన బిడ్డని, భయంతో కన్నతల్లి వదిలేస్తే ఐసిస్ వెతికి పెంచిందని. తండ్రి శవానికి కట్లు కట్టే వదిలేసిన కొడుకు. ఆ కోణంలో రాస్తే అనుబిస్‌కి ప్రాణం వస్తుంది.

ఇక్కడ తెలుగులో రాసేవాళ్లకు ఒక జాగ్రత్త. మన చేతికి తెలియకుండానే ఈ సభ యమధర్మరాజు సభ అయిపోతుంది, థోత్ చిత్రగుప్తుడు అయిపోతాడు. పోలికలు ఉన్నాయి, కాదనను. కానీ అక్కడ ఓడిపోయినవాడికి మరో జన్మ ఎత్తే అవకాశం లేదు. అమ్మిత్ గుండెను మింగితే ఆ మనిషి ఇక ఎక్కడా లేనట్టే. మన పాఠకుడికి అలవాటైన కర్మఫలం, పునర్జన్మ ఇందులో కలిపితే ఆ భయం మొత్తం పోతుంది.

సెఖ్మెత్, దూరం వెళ్లిన దేవత

కోపిష్టి అమ్మాయి కథ రాయాలనుకుంటే ఇంతకంటే మంచిది దొరకదు. రా ముసలివాడయ్యాడని మనుషులు కుట్ర పన్నుతారు. ఆయన తన కన్నును, అంటే కూతురిని, వాళ్ల మీదికి పంపుతాడు. హథోర్ దేవతగా వెళ్లిన ఆమె ఆడసింహం తల ఉన్న సెఖ్మెత్ అయి ఊచకోత మొదలుపెడుతుంది. ఆపమన్నా ఆగే పరిస్థితి లేదు. అప్పుడు 7,000 కుండల బీరు కాచి, ఎర్రమట్టి కలిపి, పొలాల్లో మూడు అరచేతుల ఎత్తున పారబోస్తారు. రక్తమనుకుని తాగేసి, మత్తులో పడి, చేయాల్సిన పని మరిచిపోతుంది. టుటన్‌ఖామున్ సమాధిలో బంగారు రేకు తాపిన పేటిక మీద, మొదటి సేతి సమాధి గోడల మీద ఈ కథ చెక్కి ఉంది. మూడో అమెన్‌హోటెప్ రాజు ఈమెకి వందలాది విగ్రహాలు చెక్కించాడు. ఈమె పూజారులకు వైద్యంతో సంబంధం ఉండేది. రోగాలు పంపేదీ, తీసేసేదీ ఆమే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆయుధంగా వాడి, తర్వాత మత్తు పోసి ఆపేశారు, ఆమె తరఫున అడిగేవాళ్లు లేరు అన్న బాధ పాఠకుడిలో మిగిలిపోతుంది. దానికి జవాబు ఇంకో కథలో ఉంది. సూర్యుడి కన్ను అలిగి ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా వెళ్లిపోతుంది. తిరిగి తీసుకురమ్మని థోత్‌ని పంపుతారు. ఆయన చిన్న కోతి వేషంలో వెళతాడు. ఆమె పిల్లి రూపంలో ఉంటుంది, కోపం వస్తే ఆడసింహం అయిపోతుంది. బలంతో లాక్కురావడం అసాధ్యం. కాబట్టి కథలు చెబుతాడు, దారి పొడుగునా. సింహాన్ని చిట్టెలుక కాపాడిన కథ వాటిలో ఒకటి. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి పపైరస్ ఒకటి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది, అందులో ఈ జంతువుల కథలన్నీ ఉన్నాయి.

పంచతంత్రం వింటూ పెరిగిన మనకు కథలో కథ ఎలా నడపాలో కొత్తగా నేర్పనక్కర్లేదు. ఈ బలం తెలుగు రచయితకు ఉన్నంతగా చాలామందికి ఉండదు. ఒక పిల్లాడు, ఒక కోపిష్టి దేవత, ఎడారి దారి, రోజుకో కథ. ఇల్లు చేరేసరికి ఆమె ఎందుకు అలిగిందో మనకు తెలియాలి, ఆమె తిరిగి రావడం ఆమె ఇష్టమే అయి ఉండాలి. పెద్ద దేవుళ్లతో మొదటి నవల రాస్తున్నవాళ్లకు నేను ధైర్యంగా సూచించేది ఇదే.

సెత్నె, పన్నెండేళ్ల సి-ఒసిరె

జానపద కథల గాలి ఇష్టమైనవాళ్లకు సెత్నె కథలు పండగ. సెత్నె నిజంగా ఉన్న మనిషి. రెండో రామ్సెస్ కొడుకు ఖెమ్‌వాసెత్, మెంఫిస్‌లో ప్తా దేవుడి ప్రధాన పూజారి, తన కాలానికే వెయ్యేళ్లు దాటిన పిరమిడ్లను బాగుచేయించినవాడు. ఆయన పోయి వెయ్యేళ్లయ్యాక జనం ఆయన్ను మంత్రగాడిగా మార్చేసి కథలు అల్లారు. ఒక కథలో థోత్ స్వయంగా రాసిన మంత్ర గ్రంథం కోసం సమాధిలోకి దిగుతాడు. అక్కడున్న దెయ్యంతో పందెం కట్టి గళ్ల ఆట ఆడతాడు. ఒక ఆట ఓడితే కాళ్లవరకు నేలలో కూరుకుపోతాడు, రెండో ఆట ఓడితే మొలవరకు, మూడోది ఓడితే చెవులవరకు. ఆ దెయ్యమే ఆ గ్రంథాన్ని అంతకుముందు కాజేసిన నెనెఫెర్‌కప్తా. బతికుండగా దాన్ని కొత్త పపైరస్ మీద నకలు రాసి, బీరులో నానబెట్టి, నీళ్లలో కరిగించి తాగేశాడు, ప్రతి మాటా ఒంటబట్టడానికి. ఫలితంగా కొడుకు, భార్య, చివరికి తను, ముగ్గురూ నైలులో మునిగిపోయారు.

రెండో కథ టీనేజ్ నవలకు ఇంకా దగ్గర. సెత్నె కొడుకు సి-ఒసిరెకి పన్నెండేళ్లు వచ్చేసరికి మెంఫిస్‌లో అతనికి సాటి వచ్చే లేఖకుడు లేడు. నూబియా నుంచి వచ్చిన మంత్రగాడు ఒక ఉత్తరం చూపించి, ముద్ర తీయకుండా చదవగలిగేవాడు ఈ దేశంలో ఉన్నాడా అని సవాలు విసురుతాడు. తండ్రి టెన్షన్‌తో మంచం పడితే కొడుకు నవ్వుతాడు. నమ్మకం కుదరకపోతే కింది గదిలోకి వెళ్లి పెట్టెలోంచి ఏ పుస్తకమైనా తీయి, పైనుంచే దాని పేరు చెబుతాను అంటాడు. చెబుతాడు కూడా. ఆఖరికి తేలేదేమంటే, ఆ పిల్లాడు 1,500 ఏళ్ల కిందటి ఒక ఈజిప్టు మంత్రగాడు, పాత శత్రువు మళ్లీ వస్తున్నాడని తెలిసి తిరిగి పుట్టినవాడు. పని అయిపోగానే తల్లిదండ్రుల కళ్ల ముందే నీడలా మాయమైపోతాడు.

ఇంత పకడ్బందీ కథ చేతికి అందితే రచయితకు మిగిలేది ఏమిటి? ఆ తండ్రి. ఎన్నో మొక్కుల తర్వాత పుట్టిన బిడ్డ తన బిడ్డే కాదని తెలిసిన తండ్రి. లేదా ఆ పిల్లాడి పక్కన చదువుకునే మామూలు నేస్తం. ఒక్క సంగతి సరిదిద్దుకోండి: పాత కథలో నూబియా వాళ్లంతా దుర్మార్గపు మంత్రగాళ్లే. నిజానికి ఆ నేలమీద కుష్ రాజ్యం వర్ధిల్లింది, క్రీ.పూ. 8, 7 శతాబ్దాల్లో వాళ్ల రాజులే ఈజిప్టును ఏలారు. ఈ రోజు రాసే పుస్తకంలో నల్లవాళ్లను గుత్తగా విలన్లుగా చూపడం తప్పు.

రా రాత్రిపూట పాతాళంలో పడవ మీద చేసే ప్రయాణం గురించి కూడా అడుగుతుంటారు. పన్నెండు గంటలు, పన్నెండు ప్రాంతాలు, దారికి అడ్డంపడే అపోఫిస్ సర్పం. చివరి గంటలో పడవను ఒక పాము తోకలోంచి నోటివరకు లాగుతారు, ముసలివాళ్లుగా లోపలికి వెళ్లినవాళ్లు పసివాళ్లై బయటికి వస్తారు. అద్భుతమైన ఊహ. కానీ పన్నెండు గంటలు ఉన్నాయి కదా అని పన్నెండు అధ్యాయాలు చేస్తే వీడియో గేమ్ లెవెల్స్‌లా తయారవుతుంది. ఒకట్రెండు గంటలు మాత్రం వాడుకోండి. ఆ పడవలో అపోఫిస్‌ని ఈటెతో ఎదిరించేది సేత్. అన్నను చంపినవాడే ప్రతి రాత్రీ లోకాన్ని కాపాడుతున్నాడు. మన పురాణాల్లో ప్రతినాయకుడి పక్క కూడా విన్నవాళ్లం కాబట్టి, సేత్‌ని ఉత్త దుర్మార్గుడిగా రాసి వదిలేస్తే మనకే రుచించదు.

పెద్ద దేవుళ్లందరినీ పక్కనపెడితే: మెరెత్‌సెగెర్

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఎంచుకునేది ఈమెని. పేరు విన్నవాళ్లు తక్కువ.

లక్సర్‌కి ఎదురుగా, నైలు పడమటి గట్టున, రాజుల సమాధులు తొలిచే పనివాళ్ల కోసం కట్టిన ఊరొకటి ఉంది. ఇప్పుడు దాన్ని దెయిర్ ఎల్-మెదీనా అంటారు. గోడ లోపల డెబ్బై దాకా చిన్న చిన్న ఇళ్లు. నీటి చుక్క లేని లోయ, తాగే నీళ్లు గాడిదల మీద కింది నుంచి రావాలి. ఊరి వెనక పిరమిడ్ ఆకారంలో నిలబడ్డ కొండ శిఖరం. ఆ శిఖరమే నాగుపాము రూపంలో ఉండే మెరెత్‌సెగెర్. మన ఊరి పొలిమేరలో ఉండే గ్రామదేవతను తలుచుకుంటే ఆమె వెంటనే అర్థమవుతుంది. దేశమంతటికీ తెలిసిన దేవత కాదు, ఆ కొండకీ ఆ ఊరికీ చెందిన తల్లి.

నెఫెరబు అనే పనివాడు ఆమెకి ఒక రాతిపలక చెక్కించాడు, అది ట్యూరిన్‌లో ఉంది. నేను మంచీ చెడూ తెలియని మూర్ఖుణ్ణి, శిఖరం పట్ల తప్పు చేశాను, ఆమె నన్ను శిక్షించింది, ప్రసవానికి కూర్చున్న ఆడమనిషిలా ఇటుకల మీద కూర్చుని గాలి కోసం అల్లాడాను అంటాడు. తర్వాత ఊళ్లోవాళ్లను హెచ్చరిస్తాడు, శిఖరంతో జాగ్రత్త, ఆమెలో సింహం ఉంది అని. మొక్కుకున్నాక చల్లని గాలిలా వచ్చి కరుణించిందట. ఏ తప్పు చేశాడో మాత్రం చెప్పడు. ఆ చెప్పని తప్పు చుట్టూ ఒక నవల అల్లవచ్చు.

ఈ ఊరి గురించి మిగిలినన్ని రోజువారీ వివరాలు పాత లోకంలో మరే పల్లె గురించీ దొరకడం కష్టం. బ్రిటిష్ మ్యూజియంలో ఒక సున్నపురాయి పలక ఉంది, రెండో రామ్సెస్ ఏలుబడిలో 40వ సంవత్సరం నాటి హాజరు పట్టీ. నల్ల సిరాతో తేదీలు, వాటి పైన ఎర్ర సిరాతో పనికి రాకపోవడానికి కారణాలు. ఒకడికి తేలు కుట్టింది. ఒకడు బీరు కాస్తున్నాడు. ఒకడు తల్లి శవానికి కట్లు కడుతున్నాడు. మూడో రామ్సెస్ కాలంలో, 29వ ఏట, జీతంగా ఇచ్చే ధాన్యం రాక పనివాళ్లు పనిముట్లు వదిలేసి గుళ్ల దగ్గర బైఠాయించారు. ఆకలి, దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు అన్నారు. లోకంలో రాతపూర్వకంగా నమోదైన మొదటి సమ్మె ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ప్రతినాయకుడు కావాలంటే మేస్త్రీ పనెబ్ ఉన్నాడు. రాజసమాధి సొత్తు దొంగిలించాడని, తోటి పనివాళ్లను కొట్టి బెదిరించాడని, పెద్ద అధికారికి లంచమిచ్చాడని అతని మీద రాసిన ఫిర్యాదు పపైరస్ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఒక పదిహేనేళ్ల అమ్మాయిని ఆ ఊళ్లో పెట్టండి. తండ్రి పేరు హాజరు పట్టీలో ఎర్ర సిరాతో పడింది. ధాన్యం రావడం లేదు. మేస్త్రీ రాత్రిపూట కొండెక్కడం ఆమె చూసింది. కొండమీద నాగుపాము ఆమెను చూసింది. లోకాన్ని కాపాడే భారం ఎవరి నెత్తిమీదా పెట్టకుండానే భయం, దైవం, న్యాయం, ఆకలి అన్నీ ఒక్క ఇంట్లోకి వచ్చేశాయి. ఇందులో యుద్ధాలు లేవు, ఎగిరే పడవలు లేవు, అవి కోరుకునే పాఠకులు మొదటి యాభై పేజీల్లో పెదవి విరవొచ్చు. ఆ నష్టం భరించవచ్చు.

ఎప్పుడు, ఎక్కడ జరగాలి?

ఆ కాలంలోనే పెట్టడం, ఈ కాలానికి తేవడం, పేర్లు మార్చి కొత్త లోకం కట్టడం, దారులు మూడు. మూడో దారి సులువుగా కనిపిస్తుంది గానీ నాకు అంత నచ్చదు. నైలు వరద, ఎడారి, రాతి మీద ఎర్ర సిరా తీసేస్తే ఈ దేవుళ్లు జంతువుల మాస్కులుగా మిగిలిపోతారు. ఈ కాలానికి తెచ్చేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఒక ద్వారం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఒక ఈజిప్టు యువతి మమ్మీ ఉంది, ఏడో నిజాం కాలంలో అక్కడికి చేరింది. స్కూల్ ట్రిప్‌లో ఆ గాజుపెట్టె ముందు ఆగిపోయిన అమ్మాయితో కథ మొదలుపెట్టవచ్చు. అయితే అది ఒక మనిషి శరీరమన్న ధ్యాస ఉండాలి. లేచి వెంటపడే దెయ్యంగా వాడకండి. 1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక పత్రికలు శాపం కథను ఊరూవాడా మోగించాయి, దానితో ఇప్పటికే సరిపడా పుస్తకాలు వచ్చాయి. ఆ యువతికి తన ఊరు ఏదో గుర్తుచేసే కథ రాయండి.

పేర్ల విషయం కూడా ముందే తేల్చుకోండి. ఐసిస్, హోరస్, అనుబిస్ అన్నవి గ్రీకుల నోట తిరిగిన పేర్లు. అసెత్, హోర్, అన్పు అని ఈజిప్టు పేర్లకు దగ్గరగా రాయడం ఇంకో పద్ధతి. పాఠకుడు ముందే విన్న పేర్లతో మొదటి పుస్తకం రాయడం మేలు. దెయిర్ ఎల్-మెదీనా లాంటి కథకైతే రెండోదే నప్పుతుంది, ఆ ఊరివాళ్లు గ్రీకు మాట వినే కాలానికి ఇంకా చాలా ఏళ్లుంది.

ఇంతా చదివాక కూడా రెండు కథల మధ్య ఊగిసలాడుతుంటే, రెండింట్లోనూ ఒకే దృశ్యం రాసి చూడండి. మీ పాత్ర ఆ దేవతను మొదటిసారి ఏదో అడుగుతుంది, ఆ దేవత కుదరదంటుంది. ఎందుకు కుదరదో ఏ కథలో మీ పెన్ను ఆగకుండా రాసుకుపోతుందో ఆ కథ తీసుకోండి. రెండింట్లోనూ ఆగిపోతే, ఆ దేవతకి ఏం కావాలో మీకు ఇంకా తెలియలేదన్నమాట. మళ్లీ పాత కథలోకి వెళ్లి దాన్ని పట్టుకున్నాకే మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.